చుక్కలు పుట్టే చోటు

మొన్న జనగామ దవాఖానలో డాక్టరు పిలుపు కోసం కూర్చున్నప్పుడు, పక్కనున్న పిల్ల ఫోనులో ఒక బొమ్మ కనబడింది. ఆకాశంలోకి పంపిన టెలిస్కోపు తీసిన గెలాక్సీ అట, సుడి తిరిగిన దాని రెక్కల నిండా ఎర్రటి ముద్దలు. కింద రాసింది కూడబలుక్కొని నేనే చదివాను, నక్షత్రాలు పుట్టే ప్రాంతాలని. చదివాక మనసు పాడైంది.

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక, అదీ అలాంటి బొమ్మ మీదనే. మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో సమ్మె వచ్చి కాలేజీలు మూతపడ్డాయి. డిగ్రీలో ఫిజిక్సు చదివే నా బిడ్డ జఫర్‌గఢ్ దగ్గరి మా ఊరికొచ్చి, పేపర్లో పడ్డ గెలాక్సీ బొమ్మను గోడకంటించి, దాని కింది పెద్దక్షరాలు నాతో దిద్దించేది. పై చదువుకు పోయి చుక్కల సంగతే చదవాలని దాని పట్టుదల. దుమ్మూ గాలీ దగ్గరపడి ముద్దకట్టిన చోట కొత్త చుక్కలు పుడతాయని, బొమ్మలో కొన్ని రంగులు మాత్రం మనుషులు తర్వాత అద్దినవని చెప్పింది. బతుకమ్మకు గునుగుపూలను రంగునీళ్లలో ముంచుతున్న నేను ఊరుకుంటానా?

“గట్లయితే నీ చుక్కలు గూడ మా గునుగు తీర్గనే. రంగేస్తెనే కళ.”

“రంగు మనదైనా పువ్వు నిజమే గదనే అవ్వా. కంటికి ఆనని వెలుగుకు రంగేసి సూపిస్తరు, గంతే.”

మరునాడు ఆ బతుకమ్మను తొర్రూరు రోడ్డు మీద పెట్టి, బస్సులాపి, ఊరి ఆడవాళ్లమంతా చుట్టూ తిరిగి ఆడాము. కొన్నాళ్లకు కాలేజీ తెరిచి పరీక్షలన్నారు. దీక్ష టెంటులో కూర్చున్న పిల్లలు రాసేది లేదన్నారు, నా బిడ్డా వాళ్లతోనే ఉండిపోయింది. నేను టెంటు దగ్గరికే పోయి తిట్టాను, రాసి వచ్చి కూర్చోమని బతిమాలాను.

“రాష్ట్రం వచ్చినంక రాస్త తియ్యవ్వా. సుక్కలు యాడికి పోతయ్?”

ఆ ఏడే దాని నాయినకు పక్షవాతం వచ్చింది. ఇల్లు గడవాలంటే అది తొర్రూరులో బట్టల దుకాణానికి పోక తప్పలేదు. రాష్ట్రం వచ్చిన రోజు ఊరంతా పటాకులు కాల్చింది. నా బిడ్డ దుకాణం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కొని, తండ్రికి అన్నం తినిపించింది. పరీక్ష మాట అది ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు రోడ్డు మీద టెంట్లు లేవు, పరీక్షలు చెప్పిన రోజునే జరుగుతున్నాయి. మంచిదే. నా బిడ్డను మాత్రం చీర ధరెంత అని అడిగేవాళ్లే గాని, నువ్వేం చదవాలనుకున్నావమ్మా అని అడిగేవాళ్లు ఈ రాష్ట్రంలో ఒక్కరూ లేరు.