సాలు అన్న మాట

“మీ అమ్మ అన్లేదేటి బాబూ, సాలని? మా గుడిసెలో నీకు అన్నం ఎట్టినప్పుడల్లా నువ్వు అన్లేదేటి? గుండెల మీద సెయ్యేసి సెప్పు!”

“చిల్లానా బంద్ కర్! మా ఇంట్లో శుద్ధమైన తెలుగు మాట్లాడతాం, సమ్‌ఝీ? సాలు లేదు, గీలు లేదు. పో ఇక్కణ్ణుంచి.”

ఆంధ్ర సంఘం హాల్లో పేపరు చదువుకుంటున్న నేను ఈ గొడవ విని గుమ్మంలోకి వచ్చాను. గొంతు చించుకుంటున్నది బంగారమ్మ. ఆమెను మెట్లు దిగమని వేలు చూపిస్తున్నది మా సంఘం అధ్యక్షుడు భీమారావు గారు, రైల్వే ఆఫీసులో హెడ్ క్లర్కు. శుద్ధమైన తెలుగట! తిట్టిన తిట్టులో సగం హిందీ. ఆ సంగతి ఆయనకి ఎవరు చెప్పాలి?

బంగారమ్మది టెక్కలి పక్క పల్లె. మొగుడు నూకరాజు రైలుపట్టాల మీద కూలిపని దొరికి రాయపూర్ వస్తే వెనకాలే వచ్చింది. ఉద్యోగం పర్మనెంటు కాకముందే అతను కామెర్లతో పోయాడు. ఊరికి తిరిగి వెళ్ళమని అందరూ చెప్పారు. ఆమె వెళ్ళలేదు. అక్కడి బట్టల బజారు పండరీలో ఒక కొట్లో పని వెతుక్కుంది. కొనేవాళ్ళు పొద్దస్తమానం తానులు విప్పించి, నచ్చలేదని పడేసి పోతుంటారు. వాటిని ముడతల్లేకుండా చుట్టి మళ్ళీ అరల్లో పెట్టడం ఆమె పని. పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్ళతో ఛత్తీస్‌గఢీలోనే పరాచికాలాడేది. ఆమె కోసమే ఆ కొట్టుకి వచ్చేవాళ్ళున్నారు. కోపం వచ్చినా, నవ్వు వచ్చినా, టీ పోసినా మాత్రం నోట్లోంచి టెక్కలే వస్తుంది.

కొంప ముంచింది ఆ టీయే.

ఆ రోజు ధర్సీవా నుంచి వచ్చిన ఓ చిల్లర వ్యాపారికి ఆ కొట్టు సేఠ్ తన చేత్తోనే గుడ్డ కొలుస్తున్నాడు. ఆయన కొలత గురించి బజారంతా గుసగుసలాడుతుంది. గుడ్డని రబ్బరులా సాగదీసి మీటరు కడ్డీకి పట్టిస్తాడు, ఇంటికి తీసుకెళ్ళేసరికి అది తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే మూటలు మోసే పరదేశి అనే కుర్రాడు, మా తెలుగువాడే, బంగారమ్మ గ్లాసులో టీ పోస్తున్నాడు. గ్లాసు నిండిపోతోంది. “సాలు, సాలు” అంది.

సేఠ్ కడ్డీ కిందపడేశాడు. “కిస్‌కో సాలా బోలీ? హమ్‌కో?” సాలా అని తిట్టింది నన్నేనా అని.

ఆమె చూపు గ్లాసు మీద ఉంది. మాట్లాడింది పరదేశితో. అయినా తిట్టు సేఠ్‌కే ఎందుకు తగిలింది? చేతిలో దొంగ కొలత ఉంది కాబట్టి. తనని ఎవరో పట్టేశారనుకున్నాడు. అంతే, ఆ ఆడమనిషి తిట్టే ఉంటుందని తేల్చేశాడు. గుడ్డ సరిగ్గా కొలిచే మనిషైతే ఆ మాట వినిపించేదే కాదు.

అర్థం అది కాదని పరదేశి మొత్తుకున్నాడు. “మీరిద్దరూ ఒకటే” అన్నాడు సేఠ్. అయినా ఒక్క అవకాశం ఇచ్చాడు. సాయంత్రం స్టేజీ తెరకి గుడ్డ కొనడానికి భీమారావు గారు వచ్చారు. సేఠ్ ఆయనకి కుర్చీ వేయించి, కూల్ డ్రింక్ తెప్పించి, సాలంటే మీ భాషలో ‘ఇక వద్దు’ అనేనా అని అడిగాడు: “బాబూజీ, ఆప్ కీ భాషా మే సాలు కా మత్‌లబ్ బస్ హోతా హై క్యా?”

అవునని ఒక్క మాట! అంటే ఆయన సొమ్మేం పోతుంది?

“నహీ సేఠ్‌జీ. హమ్ లోగ్ చాలు బోల్తే హై. సాలు-వాలు కుఛ్ నహీ హోతా.”

బంగారమ్మ పని అక్కడితో పోయింది. పక్క కొట్లలో అడిగితే “గాలీవాలీ ఆయీ”, తిట్లమ్మ వచ్చింది అని నవ్వుతున్నారట. పండరీలో గుడ్డ చుట్టడం తప్ప ఆమెకు వేరే బతుకు లేదు.

నాకు మండేది సేఠ్ మీద కాదు. వాడికి తెలుగు రాదు. భీమారావు గారికి వచ్చు. ఆయనా ఆ టెక్కలి వైపు వాడే. ఉద్యోగానికి కొత్తగా వచ్చినప్పుడు ఇల్లు దొరక్క నూకరాజు గుడిసెలో తిన్నవాడే. రైల్లో ఎవడో తనని మద్రాసీ అన్నాడని వారం రోజులు సంఘంలో ఉపన్యాసాలిచ్చిన మనిషి. అలాంటి మనిషికి సేఠ్ ఎదురుగా కుర్చీలో కూర్చునేసరికి, ఆ యాస తనదని తెలిసిపోతుందన్న భయం పట్టుకుంది. తనని తాను ఎంత ఎత్తున పెట్టుకున్నాడో అక్కణ్ణుంచి చూస్తే, బంగారమ్మ నోటిది తెలుగే కాకుండా పోయింది!

“మీ అమ్మగారు ఏమనేవారు సార్, అన్నం చాలనుకుంటే?” అని ఆ గుమ్మంలోనే అడిగాను.

ఆయన మొహం జేవురించింది. “కాలేజీ పూర్తిచెయ్యలేనివాడివి, నాకు భాష నేర్పుతావా?” అని హాల్లోకి పోయి తలుపు వేసుకున్నాడు.

బంగారమ్మ మెట్ల మీద కూలబడింది. నాకు ఒళ్ళంతా మంట.

“లే పిన్నీ, పండరీ వెళ్దాం. ఆ సేఠ్ దొంగ కొలత బజారు మధ్యలో విప్పుతాను. ఆ కడ్డీ వాడి నెత్తినే విరుస్తాను. తర్వాత ఈయన సంగతి చూస్తాను.”

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని నన్ను కింద నుంచి పైకి చూసింది. “నీకు కావలసింది దెబ్బలాట నాయినా. నాకు కావలసింది పని.”

“మరి ఊరుకోమంటావా?”

“ఊరుకోమన్లేదు. రేపు కొట్టు తెరిసేసరికి రా. నా ముందు కాదు, పక్కన నిలబడు. సాలంటే బస్ అని పదిమందీ ఇనేలాగ ఓసారి సెప్పు. సేటు నమ్మకపోతే పోనీ. ఇన్నోళ్ళలో ఒకడైనా నమ్మితే ఆడి కొట్లో పని సేసుకుంటాను. నీ కోపం మాత్రం అందులో కలపకు.”

సరేనన్నాను. లేచి, చెప్పులేసుకుని, మళ్ళీ నా వైపు తిరిగింది.

“ఇంకోటి. నాను అన్నట్టే సాలనే సెప్పు బాబూ. చాలని దిద్దకు.”