గాజుల మధ్య సూది

ఇప్పటి ఆపరేషన్ గదుల్లో శరీరం లోపలికి దారి చూపించే యంత్రాలు వచ్చాయి. రోగి చర్మం మీద చిన్న గుర్తులు అంటించి చిత్రాలు తీస్తారు. ఆ గుర్తుల ఆధారంగా, సర్జన్ చేతిలోని పరికరం లోపల ఎక్కడ ఉన్నదో తెర మీద కనిపిస్తుంది. పెద్ద కోత అక్కర లేదు. నా పదవీ విరమణకు ముందు అలాంటి యంత్రం గురించి మాకు వివరించిన యువ వైద్యుడు, "రోగి ఒంటి మీద ఏ వస్తువూ ఉండకూడదు, అన్నీ తీయించాలి" అని మొదలుపెట్టాడు. "అన్నీ అంటే?" అని అడిగాను. అతడు నవ్వి తర్వాతి చిత్రానికి వెళ్లిపోయాడు. నేను నవ్వలేదు. ఆ "అన్నీ" అనే మాటతో నాకు పాత తగాదా ఉన్నది.

మాది మహబూబాబాద్ దగ్గరి ఒక తండా. మా ఇంట్లో పట్టా పుచ్చుకున్న మొదటివాణ్ణి నేను. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం నాటికి జనగామలో హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్నాను. బడులు మూతపడ్డాయి. పెద్ద విద్యార్థులు రోడ్డు మీద కూర్చుంటే మేము వెనక వరుసలో కూర్చున్నాం. లేవమన్నంత మాత్రాన లేవనక్కర లేదని అక్కడ నేర్చుకున్నాను. ఎందుకు లేవనో వివరంగా చెప్పడం మాత్రం ఆ తర్వాతి చదువు నేర్పింది.

ఎనభైల మొదట్లో, మేము మానుకోట అని పిలుచుకునే ఆ మహబూబాబాద్‌లోనే ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో సహాయ వైద్యుడిగా చేరాను. పెద్ద డాక్టరు కోస్తా నుంచి వచ్చిన సర్జన్. చేతి నేర్పు, ఓర్పు రెండూ ఉన్న మనిషి. నా యాస మీద మాత్రం ఆయనకు సరదా ఎక్కువ. నేను "వస్తున్న సార్" అంటే, "వస్తున్నానండీ అనాలయ్యా. సినిమాలో జోకరులా మాట్లాడితే రోగికి నమ్మకం ఎలా కుదురుతుంది?" అనేవారు. అందువల్ల ఆయన ఎదుట నేను పాఠ్యపుస్తకాల తెలుగు మాట్లాడేవాణ్ణి.

ఒక ఉదయం పక్క తండా నుంచి ఒకామె భర్తతో కలిసి వచ్చింది. మా ఆడవాళ్లు అద్దాల లంగా కుడుతూ మధ్యలో వేరే పనికి లేస్తే, సూదిని రైక చేతి అంచుకు గుచ్చుకుంటారు. అది పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటు. ఆమె కూడా అలాగే గుచ్చుకొని కందికట్టె మోపు ఎత్తింది. మోపు బరువుకు సూది విరిగి, సగం ముక్క మోచేతికి పైన, దండ చెయ్యిలోకి దిగిపోయింది. భూపాలపల్లి వైపు కూలికి వెళ్లినప్పుడు అక్కడెవరో ఎక్స్‌రే పటం తీయించి, కోసి వెతికారట. దొరకలేదు. కోసిన గాయం మానింది కానీ చిటికెన వేలూ దాని పక్క వేలూ రోజురోజుకూ మొద్దుబారుతున్నాయి.

పెద్ద డాక్టరు ఆ వేళ్లను గిల్లి చూశారు. ఆయన ముఖం మారింది. "సూది నరం వైపు జరుగుతోంది. ఆలస్యమైతే చెయ్యి పట్టు పోతుంది. దండ పొడుగునా తెరిచి చూడాల్సిందే. ముందు ఆ గాజులన్నీ తీసెయ్యండి" అన్నారు.

ఆమె మోచేతి నుంచి భుజం దాకా ఎముకతో చేసిన తెల్లని గాజులు వరుసగా ఉన్నాయి. వాటిని మేము బలియాలు అంటాం. మోచేతికి పైన వేసుకునేవి భర్త బతికి ఉన్నాడనడానికి గుర్తు. అతడు పోయిన రోజే వాటిని తీస్తారు.

"తియ్య" అన్నది ఆమె.

"తియ్యవే, డాక్టరు సారు చెప్తుండు గదా" అన్నాడు భర్త. "నేను గిక్కడ్నే ఉన్న. గాజులు తీస్తే సస్తనా ఏంది?"

"నువ్వు యాడ సస్తవు? సావు గూడ ఒక పనే గదా, నీతోని ఏడయితది!"

గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆమె నవ్వలేదు. "నగలైతే ఇప్పి ఈయన చేతుల పెడుదు. ఇవి తియ్య. తీసి బతికినోళ్లను జూడలే" అన్నది నా వైపు తిరిగి. ఆ తర్వాత మా తండా భాషలో, మెల్లగా, "నువ్వు మనోడివి కదా బిడ్డా, నువ్వన్నా చెప్పు" అన్నది.

పెద్ద డాక్టరు నాతో, "మీ భాషలో నచ్చచెప్పవయ్యా. గాజులను రంపంతో కోస్తే నొప్పి ఉండదని చెప్పు" అన్నారు.

"నచ్చచెప్ప సార్" అన్నాను. "గాజులు తియ్యం."

నోటి నుంచి వచ్చింది పుస్తకాల తెలుగు కాదు. దాన్ని సవరించుకోవాలని కూడా అనిపించలేదు.

"ఏమిటీ? చదువుకున్నవాడివి నువ్వు కూడానా?"

"చదువుకున్న కాబట్టే అంటున్న సార్. ముందుగాల కోసినోళ్లకు సూది ఎందుకు దొరకలేదో జర ఈమెను అడుగుదాం."

పటం తీసినప్పుడు చెయ్యి ఎట్ల పెట్టినవని అడిగాను. "కిందికి ఏలాడేసిన" అన్నది. మరి కోసినప్పుడు? గాజులు భుజం వైపు జారేలా చెయ్యి పైకెత్తి తల వెనక్కు పెట్టి చూపించింది. చెయ్యి ఎత్తితే కండ జరుగుతుంది, కండతో పాటు సూదీ జరుగుతుంది. పటంలో కనిపించిన చోట, కోసే వేళకు సూది లేదు. పెద్ద డాక్టరు వెంటనే గ్రహించారు. కుర్చీ లాక్కొని కూర్చున్నారు.

"సరే, చెయ్యి ఒకే తీరున ఉంచుదాం. కానీ ఆ గాజుల నీడ అడ్డొస్తుంది కదా?"

"అడ్డం కాదు సార్, గవే మనకు కొలబద్ద. ప్లాస్టిక్ గాజులైతే పటంలో సరిగ్గ పడవు. ఇవి ఎముకవి, తెల్లగ పడుతయి. ఏ గాజుకూ ఏ గాజుకూ నడుమ సూది ఉన్నదో లెక్కపెట్టి చూడొచ్చు. గుడ్డతోని కడితే కదలవు. ఎక్స్‌రే బల్ల మీదనే ఆపరేషన్ చేద్దాం. పటానికీ కత్తికీ నడుమ ఆమె చెయ్యి ఇసుమంత కదలొద్దు."

"ఎక్స్‌రే బల్ల మీద ఆపరేషనా! పుండు చీము పడితే ఎవరిది పూచీ? ఆ గాజుల సందుల్లో ఎంత మురికి ఉంటుందో తెలుసా?"

ఆ భయం న్యాయమైనదే. అందుకే దానికి సమాధానం మాటలతో చెప్పలేదు. గది కడిగించాను. ఒక్కొక్క గాజునూ సబ్బుతో, స్పిరిటుతో నేనే తుడిచాను. తుడుస్తుంటే ఆమె, "గింత నున్నగ నా పెండ్లి నాడు గూడ లేవు" అన్నది. సూది ఉందనుకున్న చోట గాజులను కొంచెం ఎడం చేయవలసి వచ్చింది. "జరుపు, ఇప్పకు" అని హద్దు ఆమే పెట్టింది. ఎడం చేసిన గాజులను గుడ్డ పేలికలతో బిగించి కట్టాం.

తడి ఆరని పటాన్ని వెలుతురుకు పట్టుకొని చూశాం. నిచ్చెన మెట్ల లాగా తెల్లని పట్టీలు, రెండు పట్టీల మధ్య సన్నని గీత. పక్క నుంచి మరో పటం తీస్తే అది ఎంత లోతున ఉన్నదో తెలిసింది. తిమ్మిరెక్కే మందు ఇచ్చి, పెద్ద డాక్టరు ఆ లోతును అంచనా వేసి ఇంజెక్షన్ సూదిని దించారు. దాన్ని అలాగే ఉంచి మళ్లీ పటం తీశాం. మేము దించిన సూది మొన ఆ విరిగిన ముక్కకు కాస్త ఎడంగా ఉన్నది. ఆయన దాన్ని వెనక్కు లాగి, వాలు మార్చి మళ్లీ దించారు. ఇంకొక పటం. ఈసారి రెండు గీతలూ కలిశాయి.

అంతసేపూ ఆమె చెయ్యి కదపలేదు. మాట మాత్రం ఆపలేదు. "చెమట తుడువు" అని భర్తను పిలిచింది. "నీది కాదు, సారుది."

దించిన సూది వెంబడే పెద్ద డాక్టరు కత్తి మొనను పోనిచ్చారు. గింజంత కోత. సన్నని పటకారు లోపలికి వెళ్లి ఒకసారి ఖాళీగా వచ్చింది. రెండోసారి నల్లబడిన ముక్కను పట్టుకొని వచ్చింది. ఆయన కుట్టు వేసి, ముసుగు కిందికి లాగి, "వేళ్లు ఆడించమ్మా" అన్నారు.

తిమ్మిరి దిగేదాకా ఆగాం. ఆమె చిటికెన వేలును బొటనవేలికి తాకించింది. వాటితోనే భర్త మోచేతిని పట్టి మెలిపెట్టింది.

"అమ్మో!" అన్నాడతను.

"నొచ్చిందా?"

"మస్తు నొచ్చింది."

"అయితే బాగైంది సారూ" అన్నది పెద్ద డాక్టరుతో. మొద్దుతనం పూర్తిగా పోవడానికి ఇంకా కొన్నాళ్లు పట్టింది కానీ, నరం చెడలేదు.

వాళ్లు వెళ్లాక ఆయన చేతులు కడుక్కుంటూ, "బాగా చేశావు. ఇలాంటిది ఎప్పుడో ఒకసారి అయితే పరవాలేదు. రేపటి నుంచి మాత్రం నియమం నియమమే. బల్ల ఎక్కే ముందు అన్నీ తీయాల్సిందే" అన్నారు.

"అన్నీ అంటే ఏమేమి సార్?" అన్నాను. "తియ్యకుంట పని అయితదా అని ముందుగాల చూద్దాం. కాకపోతే, ఎందుకు కాదో వాళ్లకు నేనే చెప్త. గంతే గాని, అడగకుంట రంపం పట్టనియ్య."

"రోజూ వాదిస్తావా నాతో?"

"రోజూ వాదిస్త సార్."

ఆయన తువ్వాలు నా చేతికిచ్చి, తర్వాతి రోగిని పిలవమన్నారు. ఒక ముసలమ్మ. కాలి వేలికి మెట్టె. ఆయన నా వైపు చూశారు. నేను ఆమె పక్కన కూర్చొని, "అవ్వా, గీ మెట్టె నీకు ఏమైతది, జర చెప్పు" అని అడిగాను.