కార్బొరేటరు అడుగున రెండు చెంచాలు

మే నెలలో ఒక మంగళవారం ఉదయం నా భార్య పోయింది. మేం వలసొచ్చిన కెర్రీ తీరంలో, ట్రాలీ అనే ఊరి ఆస్పత్రిలో, తను పద్నాలుగేళ్లు పనిచేసిన ల్యాబ్‌కి రెండంతస్తుల పైన. మా అమ్మాయి అందరికీ మెసేజ్ పెట్టింది. ఫోన్లు వచ్చాయి. మంచి మనిషి అన్నారు, ఎంత ఓపికో అన్నారు, ఇక బాధ లేదులెండి అన్నారు. ఎవరికి లేదని నేను అడగలేదు.

ఆమె మంచితనం గురించి రాయడానికి వేరేవాళ్లు ఉన్నారు. నేను ఒక పడవ మోటారు గురించి రాస్తాను.

పడవ ఆమెదే. దగ్గర్లోని ఫెనిట్ రేవులో చేపలు పట్టడం మానేసిన ఒక ముసలాయన దగ్గర కొన్నది. చిన్న ఫైబర్ పడవ, వెనక తగిలించే ఆరు హార్స్‌పవర్ మోటారు. నేను కంప్యూటర్ ముందు కూర్చునే మనిషిని, నీళ్లంటే భయం. ఆమె తండ్రి అమలాపురంలో ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవారు. అక్షరాలకంటే ముందు స్పానర్ల నంబర్లు వచ్చాయని చెప్పుకునేది. ఎండ కాసిన ఆదివారం మాకరెల్ చేపలు పట్టుకొచ్చి పులుసు పెట్టేది.

అక్టోబరు ఆఖరుకి మోటారు షెడ్డులోకి రావాలి. ఇక్కడి బంకుల్లో పోసే పెట్రోలులో పదోవంతు దాకా ఇథనాల్ ఉంటుంది. కారుకి ఫరవాలేదు, వారం తిరిగేసరికి ఖర్చయిపోతుంది. ఐదు నెలలు కదలని మోటారులో మాత్రం అది గాలిలోని తడిని పీల్చుకుంటుంది. కెర్రీ గాలిలో తడికి కరువు లేదు. పీల్చుకుని, బరువెక్కి, పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి దిగుతుంది. లోపలి సన్నటి రంధ్రాలు పూడిపోతాయి.

అందుకని ఆమె ట్యాంకులో మిగిలింది కారులో పోసేసేది. కొత్త పెట్రోలు కొంచెం, అది చెడకుండా కలిపే మందు కొంచెం వేసి, మోటారు కాలు, అంటే పంకా ఉండే కింది భాగం, నీళ్ల డ్రమ్ములో ముంచి పది నిమిషాలు నడిపేది. తర్వాత పెట్రోలు పైపు లాగేసేది. మోటారు దగ్గి, తడబడి, ఆగేది. నేను లోపలికి బయల్దేరేవాణ్ణి.

"ఆగింది కదా అని ఖాళీ అయిందనుకోకండి" అనేది.

కార్బొరేటరు అడుగున మర వదులు చేస్తే ఇంకో రెండు చెంచాలు కారేది. దాన్ని చిన్న ఆవకాయ సీసాలో పట్టి, ల్యాబ్‌లో శాంపిల్ చూసినట్టే కిటికీ వెలుతురుకి ఎత్తి చూసేది. తేటగా కనిపిస్తేనే షెడ్డుకి తాళం.

"నేను చెబితే చాలదా, బాగానే ఉందని?" అన్నానొకసారి.

"చెప్పడం ఎవరైనా చెబుతారండీ. శాంపిల్ ఏదీ?"

నిరుడు అక్టోబరులో ఆమె ఆస్పత్రి మంచం మీద ఉంది. మోటారు పని అయిందా అని అడిగింది. అయిందన్నాను.

"సీసా ఫోటో పెట్టండి."

నిజానికి నేను మోటారు పని చేయలేదు. మోటారుని పడవ మీంచి దించి, ఉన్నది ఉన్నట్టు షెడ్డులో వేలాడదీశాను. గడ్డి కోసే మెషీన్ కోసం అంతకుముందు రోజే తెచ్చిన పెట్రోలు రెండు చెంచాలు సీసాలో పోసి, కిటికీలో పెట్టి ఫోటో తీసి పంపాను. నేను ఆస్పత్రికి వెళ్లాక ఆమె దాన్ని నా ముందే రెండు వేళ్లతో పెద్దది చేసి చూసింది. "తేటగా ఉంది" అంది. కళ్లు మూసుకుంది.

తీరిక లేకపోయిందని నాకు నేను చెప్పుకున్నాను. అది గంట పని.

ఏప్రిల్‌లో ఆమె లేచి తిరిగింది. చికిత్సకి మధ్య కొన్ని వారాల విరామం. ఒక్కటే అడిగింది: రేవు బయటి లైట్‌హౌస్ చుట్టూ ఒక చుట్టు, మోటారు తనే నడుపుతుంది. లైఫ్ జాకెట్ ఆమెకు రెండింతలైంది. ఆమెను పడవలో కూర్చోబెట్టి మోటారు స్టార్ట్ చేసే తాడు లాగాను. ఇరవైసార్లు లాగాను, అందుకోలేదు. గట్టు మీద ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డ అమ్మాయి, "డాడ్, గివ్ ఇట్ అ రెస్ట్, విల్ యా?" అని అరిచింది.

"ఆపండి" అంది ఆమె. "భుజం పోతే మీకు అన్నం కలిపి పెట్టే ఓపిక నాకు లేదు."

సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసింది. సీసా కూడా తెచ్చుకుంది. మర వదులు చేసి పట్టి, వెలుతురుకి ఎత్తింది. పైన పసుపు, కింద మసక నీళ్లు, మధ్యలో గీత.

"అక్టోబరులో ఎవరి శాంపిల్ పంపారండీ నాకు?"

నేను తాడు పిడి వదిలేశాను.

"ఏప్రిల్ దాకా నేను ఉండననుకున్నారు."

నిజమే. ఆ శరదృతువులో నేను మనసులో రోజులు లెక్కేసుకుని, ఇక మోటారు ఎవరికోసం అనుకున్నాను. ఆమె ఒక్క సీసా చూసి ఆ లెక్కంతా చదివేసింది.

"నేనూ అలాగే అనుకున్నాను" అంది. "అయినా దానికి చేయాల్సింది చేస్తారనుకున్నాను."

తెడ్లు వేస్తానన్నాను. "లైట్‌హౌస్ దాకానా? మీరా?" అని నవ్వింది. ఇంటికి వచ్చేశాం.

రేవులో మెకానిక్ విప్పి చూసి, వసంతం వస్తే తనకు తిండి పెట్టేది ఇలాంటి మోటార్లేనన్నాడు. లోపల మార్చాల్సినవి రావడానికి మూడు వారాలు పడుతుందన్నాడు. రెండో వారంలో ఆమెకు ఊపిరి అందలేదు. పదో రోజు కర్మ అయిన మర్నాడు మోటారు ఇంటికి వచ్చింది. ఒక్క లాగుకి అందుకుంది.

అమ్మ నిన్ను క్షమించిందని అమ్మాయి అంటుంది, ఇంగ్లీషులో. నేను అడగలేదు కనక నాకు తెలియదు. పడవ దగ్గర్నుంచి వచ్చాక ఇంట్లో గడిపిన ఆ కొద్ది రోజుల్లో ఆమె నన్ను ఎదురుగా కూర్చోబెట్టి అంతా రాయించింది. డ్రమ్ములో నీళ్లు ఎంతవరకు, మందు ఎంత, ఏ మర ఎటు తిప్పాలి. "వచ్చేసారి మీరే చేయాలి. ఫోటోలు వద్దు" అంది. ఇన్నేళ్లలో ఆమె ఇచ్చినవాటిలో ఏది దాచుకున్నావని ఎవరైనా అడిగితే నేను ఆ కాగితమే చూపిస్తాను. నాకు అంతకంటే పెద్ద దయ ఎవరూ చేయలేదు.

పోయిన వారం, మళ్లీ అక్టోబరు ఆఖరుకి, ఆ కాగితం పక్కన పెట్టుకుని అన్నీ వరసగా చేశాను. వేసవి అంతా పడవ కదలలేదు. అయినా చేశాను. పైపు లాగాను. మోటారు దగ్గి, తడబడి, ఆగింది. మర వదులు చేస్తే రెండు చెంచాలు వచ్చాయి. తేటగా.

వాటిని వేరే సీసాలో పట్టాల్సి వచ్చింది. ఆవకాయ సీసా ఖాళీ లేదు. ఏప్రిల్‌లో ఆమె పడవలో పట్టిన శాంపిల్ అందులోనే ఉంచి దానికి మూత బిగించి, తెల్ల టేపు అంటించి, ల్యాబ్ అలవాటుగా తేదీ వేసి, కింద 'అసలుది' అని రాసింది. పారబోయమని అమ్మాయి గొడవ చేస్తోంది, షెడ్డులో పెట్రోలు నిలవ ఉంచకూడదని. ఆ మాటా నిజమే. సీసా మాత్రం కిటికీలోనే ఉంది. గాలికి తలుపు కొట్టుకున్నప్పుడల్లా కదిలి తెల్లగా మసకబారుతుంది. నేను నిలబడి చూస్తాను. కాసేపటికి మళ్లీ విడిపోతుంది. పైన పసుపు, కింద నీళ్లు, మధ్యలో గీత.