బొటనవేలి కుట్టు

మా ఇంటావిడ పోయిన నెల మొదటి మంగళవారం పోయింది. ఆ రోజు ఐదింటికే లేచి నీళ్ళు పట్టింది. టీ పెట్టాక ఎడమ భుజం లాగుతోందంది. బాగ్‌బేరా నుంచి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. దారిలో కుట్టు షెడ్డు తాళంచెవి ఎవరికివ్వాలో చెప్పింది. పదకొండు దాటాక డాక్టరు బయటికొచ్చి గుండె ఆగిపోయిందన్నారు. కద్మా నుంచి మా అమ్మాయి వచ్చేసరికి అంతా అయిపోయింది.

పన్నెండో రోజున మన తెలుగు సంఘం నుంచి మీలో చాలామంది మా ఇంటికొచ్చారు. ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, "ఆ సప్లై గొడవ మనసులో ఎట్టీసుకున్నాది, పాపం. ఆడమనిసి, తెలీక సేసింది" అన్నారు. నేను తలూపాను. అలా ఊపినందుకే ఇది రాస్తున్నాను.

ఆవిడ కాన్వాస్ గ్లవ్స్ కుట్టేది. బరువులెత్తే పనివాళ్ళు తొడుక్కునేవి. మొదట ఇంట్లో ఒక మిషను, తరవాత అద్దె షెడ్డులో నాలుగు. కుట్టిన ప్రతి జతనూ తనే తొడుక్కుని, పిడికిలి బిగించి చూసేది. బొటనవేలు అరచేతిని కలిసే చోట కుట్టు కదిలితే పక్కన పడేసేది. అక్కడ కుట్టడం కష్టం, ముందు తెగేదీ అక్కడే. "ఏసుకున్నోడు మనల్ని సూడడండి, దారాన్నే నమ్ముకుంతాడు" అనేది. కాంట్రాక్టరు దగ్గర గుమస్తాగా చేసి మానేసిన నాకు ఆవిడ పనే అన్నం పెట్టింది. ఆ మాట బతికుండగా ఆవిడకి చెప్పలేదు.

ప్రభుత్వానికి అమ్మాలంటే చిన్న పరిశ్రమగా నమోదు కావాలి, తరవాత కొనుగోళ్ళ పోర్టల్లో చేరాలి. ఆడవాళ్ళ పేరుమీద ఉంటే ప్రాధాన్యం ఉంటుందని యజమానిగా ఆవిడ పేరు రాశాను. నాకది ఒక ఉపాయం, అంతే. ఆవిడకు అలా అనిపించలేదు. ఫారం అంతా చదివించుకుంది.

"సంతకాలే కదా, మిగతాది నేను చూసుకుంటాను" అన్నాను.

"సంతకం ఎట్టీసినాక పేరు నాదే కదండీ. రేపేటన్నా అయితే నన్నే పిలుత్తారు" అంది.

షెడ్డులో కుట్టే ఆడవాళ్ళు ఆవిణ్ణి ఓనరమ్మా అని ఆటపట్టించేవారు. "ఓనర్ని కాదే, ఓటీపీ సెప్పేదాన్ని" అని నవ్వేది. నేను కంప్యూటరు ముందు కూర్చుంటే మిషను తొక్కుతూనే ఫోను చూసి ఆరంకెలూ హిందీలో అరిచేది. పోర్టల్ వాళ్ళు వీడియో కాల్లో షెడ్డు పరిశీలించిన రోజున, సరుకు తనిఖీ ఎవరు చేస్తారని అడిగారు. ఆవిడ గ్లవ్ తొడుక్కుని చూపించబోతుంటే, మేడమ్ కంగారుపడుతున్నారని చెప్పి ఫోను నేను లాక్కున్నాను.

మొదటి పెద్ద ఆర్డరు ఒక ప్రభుత్వ వర్క్‌షాప్‌ది. ఎలాగైనా దక్కాలని టెండరులో రేటు మరీ తగ్గించి వేశాను. దక్కింది. ఆ రేటుకి గట్టి దారం గిట్టదని నాసి దారం తెచ్చాను. ఆవిడ ఒక పోగు రెండు చేతులా పట్టుకుని లాగితే పుటుక్కున తెగింది.

"శాంపిల్లో ఎట్టింది ఇది కాదండి. బొటనేలికాడ నిలవదు."

వాళ్ళు లెక్కపెట్టి తీసుకుంటారు గానీ దారం లాగి చూస్తారా అన్నాను. ఆవిడ రెండు రోజులు మిషను ముట్టుకోలేదు. గడువు మీద పడుతోందని నేను కేకలేస్తే మూడో రోజు కూర్చుంది.

వాళ్ళు లాగి చూశారు. సరుకంతా తిప్పి పంపి, సంజాయిషీకి రమ్మన్నారు. నోటీసు ఆవిడ పేరుమీదే వచ్చింది. ఇద్దరం వెళ్ళాం. ఆఫీసరు చిరిగిన గ్లవ్ బల్లమీద పడేసి, "క్యా మేడమ్, శాంపిల్ కుఛ్ ఔర్, మాల్ కుఛ్ ఔర్?" అని, చూపించింది ఒకటీ పంపింది ఇంకొకటీ ఏమిటని నిలదీశాడు. ఆవిడ నావైపు ఒకసారి చూసింది. నేను ఫైలు తిరగేస్తున్నాను. అందులో చూడాల్సిందేమీ లేదు.

"గల్తీ మేరీ హై, సర్" అని తప్పు తనమీదే వేసుకుంది.

ఆటోలో ఇంటికి బయల్దేరాం. స్టేషన్ దాటాక, "మీరో మాటంతారని సూశానండి" అంది. తరవాత ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

ఏడాదిపాటు టెండర్లు వెయ్యకుండా ఆపారు. పోర్టల్లో ఆ మచ్చ ఆవిడ పేరు పక్కనే ఉంది. మన సంఘం భోజనాల్లో ఎవరో అడిగితే, సరుకు చూసుకునేది ఆవిడే కదా, ఎక్కడో పొరపాటు జరిగిందన్నాను. ఆవిడ నా వెనక వరసలో సాంబారు వడ్డిస్తోంది. విని, పక్క విస్తరికి జరిగింది. మీలో కొందరు ఆ పూట అక్కడున్నారు.

యజమాని పోతే ఆ నమోదు చెల్లదు. మిషన్ల మీద కూర్చునే ముగ్గురికి పని ఉండాలని నా పేరుమీద కొత్త దరఖాస్తు మొదలుపెట్టాను. గతంలో మీమీద చర్య ఏమైనా ఉందా అని అందులో ఒక ప్రశ్న. అక్కడ ఆగిపోయాను. మా అమ్మాయి తెరవైపు వంగి చూసి, "లేదని రాయండి నాన్నా. వో తో మమ్మీ కే నామ్ పే థా. ఆప్‌కా రికార్డ్ క్లీన్ హై" అంది.

పిల్ల మంచికే చెప్పింది. నిజమే కూడా, చర్య పడింది వాళ్ళమ్మ పేరుమీదే. తప్పంతా ఆవిడతో పోయింది, నేను శుభ్రంగా మిగిలాను.

దారం తెచ్చింది నేను, వద్దన్నది ఆవిడ. ఈ రెండు మాటలూ ఆ వర్క్‌షాప్‌కి ఉత్తరంగా హిందీలో రాసి సంతకం చేశాను. అమ్మాయికి చూపించాను. చదివి, ఇది ఇస్తే మీకు మళ్ళీ ఆర్డర్లు రావు కదా అంది. రాకపోవచ్చు అన్నాను.

రేపు పొద్దున పదింటికి ఆ వర్క్‌షాప్ స్టోర్స్ ఆఫీసు తెరుస్తారు. గేటు దగ్గర రిజిస్టరులో, ఎవరి తరఫున వచ్చారో రాయమంటారు. ఇన్నాళ్ళూ ఆ గడిలో ఆవిడ పేరు రాసి లోపలికి వెళ్ళేవాణ్ణి. రేపు నా పేరు రాస్తాను.