వదిలేసిన నేల

మా క్యాంపస్‌లో ఈ కేసు గురించి అందరూ ఒకటే పాట పాడుతరు: అడవి మనిషి, కోర్టు చూసి బెదిరి నోరు జారింది, వకీలమ్మ కాపాడింది. చివరి ముక్క నాకు ఇష్టమే. దాని ముందరిది మాత్రం శుద్ధ అబద్ధం. సోమమ్మ నోరు జారలేదు.

కరోనా తగ్గి కోర్టులు మళ్ళీ తెరుచుకున్న ఏడాది అది. నా ఆఫీసు తార్నాకలో. శనివారాలు యూనివర్సిటీలోని ఉచిత లీగల్ ఎయిడ్ క్లినిక్‌లో కూర్చుంటా. హాస్టల్లో ఉండి ఎమ్మే చదివే మంగ, తల్లి సోమమ్మను అక్కడికే తీసుకొచ్చింది. వాళ్ళు కొండరెడ్లు, ఇంట్లో కూడా తెలుగే మాట్లాడుతరు. కొండవాలు మీద వాళ్ళు చేసుకునే పోడుకు కింది ఊరి వ్యాపారి కంచె వేసి, ఖాళీగా పడున్న నేల, ఇక నాదే అన్నడు. అది పోతే ఆ ఇంటికి వేరే చెక్క లేదు.

సోమమ్మ తరఫున నేను కేసు వేసిన. వాళ్ళ ఊరి దిక్కు కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్, అంటే అవతలి వకీలు మా సాక్షిని ప్రశ్నించే ఘట్టం. ఆయన తియ్యగా అడిగిండు, కొన్నేళ్ళుగా ఆ నేల దున్నలేదు కదమ్మా అని. "వదిలేసినం" అన్నది సోమమ్మ. రికార్డులో 'అబాండన్డ్' అని ఇంగ్లీషులో ఎక్కింది. హక్కు వదులుకున్నరని దాని అర్థం. ఆయన నవ్వుకుంట కూర్చున్నడు.

నేను రీ-ఎగ్జామినేషన్ కోరిన. క్రాస్‌లో వచ్చిన మాటను మన సాక్షితోనే తేటపరిచే అవకాశం అది. మేడమ్ జవాబు అందిస్తున్నరని ఆయన లేచిండు. జవాబు ఆమె ఇచ్చేసింది, మీకే అర్థం కాలేదని నేనన్న.

"వదిలేసినం అంటే ఏంది, సోమమ్మా?"

"అలిసిన నేలను వదలాలె గద! మళ్ళ చెట్టు లేచి, ఆకు రాలి, బలం పట్టినంక దిగుతం." ఆమె ఆ వకీలు వైపు తిరిగింది. "నీ ఇంటామె పురుడు పోసుకోను పుట్టింటికి పోతే, ఆమెను వదులుకున్నట్టేనా బాబూ?"

జడ్జి కూడా నవ్విండు. పక్కన పోడు చేసుకునే ఇద్దరు వచ్చి, వదలడం, మళ్ళీ దిగడం తమ అందరి పద్ధతేనని చెప్పిండ్రు. తీర్పు మాకే వచ్చింది. కంచె పీకేసిండ్రు.

అప్పటినుంచి ఏ సాక్షినైనా బోనెక్కించే ముందు, వాళ్ళ పని మాటలకు అర్థం వాళ్ళతోనే చెప్పించుకుంటున్న. మీ మాట మార్చుకోండని మాత్రం చెప్పను.

ఒక్కటే ఇంకా తేలలేదు. సోమమ్మ చెప్పింది తెలుగులో. అడిగినాయనది తెలుగు, నాది తెలుగు, జడ్జిది తెలుగు. మరి ఆ మాటను ఇంగ్లీషులో ఎవరి కోసం రాసినట్టు?