మక్బులే పేరు మీద వీసా

మా కొండ మీద గులిజార్ అత్తను ఎరగనివాళ్ళు లేరు. పాస్‌పోర్టులో మాత్రం ఆమె పేరు మక్బులే. మాకెవరికీ ఇది వింత కాదు. మా రీజే కొండల్లో ఆ వయసువాళ్ళున్న ఇళ్ళల్లో వెతికితే ఇలాంటివి బోలెడు దొరుకుతాయి. గులిజార్ కంటే ముందు ఆ ఇంట్లో ఒక ఆడపిల్ల పుట్టింది. మక్బులే అని పేరు పెట్టారు. రెండేళ్ళు నిండీ నిండకుండానే జ్వరంతో పోయింది. పుట్టుక రాయించడానికి మంచులో పట్నం దాకా నడిచిన తండ్రికి, చావు రాయించడానికి మళ్ళీ నడవబుద్ధి కాలేదు. తర్వాత ఇంకో ఆడపిల్ల పుడితే, పేరు ఎలాగూ సర్కారు పుస్తకంలో ఉంది కదా అని ఊరుకున్నాడు. పోయిన పిల్ల కార్డు కొత్తపిల్లకు వచ్చింది. ఇంట్లో ఆ పేరుతో పిలవడానికి నాయనమ్మకు నోరు రాలేదు. గులిజార్ అంది. అప్పటినుంచి బళ్ళో, ఆఫీసుల్లో మక్బులే, మిగతా లోకానికంతటికీ గులిజార్.

పెళ్ళినాడు అధికారి "మక్బులే, నీకు ఈ పెళ్ళి ఇష్టమేనా" అని అడిగితే, పెళ్ళికొడుకు బెదిరిపోయి అటూ ఇటూ చూశాడట. కాగితంలో వయసు అక్కది కాబట్టి పింఛను తన ఈడువాళ్ళకంటే ముందే వచ్చినప్పుడు ఆడవాళ్ళు ఆమెను ఊరికే వదల్లేదు.

"చచ్చి కూడా నీకు తిండి పెడుతోందే మీ అక్క" అనేవాళ్ళు.

"పెట్టదా మరి? బతికుంటే మీలాగా నా నెత్తినెక్కి కూర్చునేది" అనేది అత్త.

పైకి అలా అనేదే కానీ, ఆ చిన్న సమాధిని ఆమె ఏనాడూ మరవలేదు. మేం మా మనుషుల్ని సొంత నేలలోనే, ఇంటి పక్కనే పెట్టుకుంటాం. ఊరి దారి మలుపు తిరిగే చోట, హేజెల్‌నట్ పొదల కింద రెండు రాళ్ళు ఉంటాయి. తల దగ్గరొకటి, కాళ్ళ దగ్గరొకటి. రెంటి మధ్య రెండు మూరల కంటే ఎక్కువ ఉండదు. నా మినీబస్సు రోజూ ఆ మలుపులోనే హారన్ కొట్టాలి. నేను రిఫాత్‌ని. మా ఊరినుంచి ట్రాబ్జోన్‌కు బండి నడుపుతాను. ఆ చోట హారన్ కొడితే అత్త నన్ను తిట్టేది, పిల్ల లేస్తుందని.

ఇక ఇద్రిస్ సంగతి. అత్తకు పదేళ్ళప్పుడు తమ్ముడు పుట్టాడు, వాడు పుట్టిన వారానికే తల్లి పోయింది. పదేళ్ళ పిల్ల వాణ్ణి శాలువాతో వీపుకు కట్టుకుని టీ తోటలోకి దిగింది. పెళ్ళి చేసుకుంటే ఇదే ఊళ్ళో చేసుకుంటాననీ, తమ్ముణ్ణి వెంట తెచ్చుకుంటాననీ తెగేసి చెప్పింది. అలాగే చేసింది. ఆమెకు పిల్లలు కలగలేదు. భర్త ఒకనాడు టీ మూట దింపుతూ కూలిపోయి మరి లేవలేదు. ఆమెకు మిగిలింది ఇద్రిస్ ఒక్కడే.

చిన్నప్పుడు ఇద్రిస్‌కు ఆమె ఒక పని అప్పగించింది, ఆ రెండు రాళ్ళ మధ్య గడ్డి పీకడం. "చిన్నక్క నిద్రపోతోందిరా, గడ్డి గుచ్చుకుంటుంది" అని చెప్పేది. వాడు నమ్మేవాడు. బళ్ళోంచి వస్తూ సంచి పక్కన పడేసి గడ్డి పీకడం నేను కళ్ళారా చూశాను. మేమిద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం. "మీ అక్క నిన్ను మేకను చేసింది" అని ఏడిపించేవాణ్ణి. వాడు రాయి తీసుకుని నా వెంటపడేవాడు.

సరిహద్దు తెరుచుకున్నాక మా కొండల మగవాళ్ళు సగంమంది సముద్రం అవతల రష్యాకు మేస్త్రీ పనికి వెళ్ళారు. చాలామంది తిరిగొచ్చారు. ఇద్రిస్ సోచీ దాటాక ఒక చిన్న రేవు ఊళ్ళో ఆగిపోయాడు. లూబా అనే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు, కొడుకు పుట్టాడు. లూబా మా భాష మొగుడి దగ్గరే నేర్చుకుంది కాబట్టి తిట్లు కూడా మా కొండవే వచ్చాయి ఆమెకు. ఏటా కోతల కాలంలో ముగ్గురూ వచ్చేవాళ్ళు. ఆ రోజుల్లో వీసా లేదు గీసా లేదు, పక్కింటికి వెళ్ళినట్టే. తర్వాత రెండు దేశాల పెద్దవాళ్ళు ఆకాశంలో విమానాలతో ఏదో కొట్లాడుకున్నారు, కింద మా నెత్తిన వీసా పడింది. దాని మీద నాకు ఇప్పటికీ కడుపుమంటే.

ఆ తర్వాతే ఇద్రిస్ ఊపిరితిత్తులు పాడయ్యాయని కబురొచ్చింది. ఏళ్ళ తరబడి మింగిన సిమెంటు దుమ్ము ఊరికే పోతుందా. ఇక్కడికి తెద్దామంటే ప్రయాణం పనికిరాదన్నారు. ఫోనులో వాడి గొంతు నూతిలోంచి వచ్చినట్టు వచ్చేది.

"అక్కా, బయల్దేరావా?"

"బయల్దేరుతున్నాన్రా. కాగితాలు అవుతున్నాయి."

రోజూ ఇదే మాట. వాడు అడిగేది ఇదొక్కటే, ఆమె చెప్పేదీ ఇదొక్కటే. ప్రాణముండగా వాడి దగ్గరికి చేరాలి. ఆమెకు అంతకు మించి ఇంకేమీ అక్కర్లేదు.

జన్మలో రీజే దాటి ట్రాబ్జోన్ ఆసుపత్రి దాకా తప్ప వెళ్ళని మనిషి పాస్‌పోర్టు తీయించుకుంది. తలగుడ్డ సర్దుకుని ఫోటో దిగింది. ఫోటోవాడు నవ్వొద్దన్నాడట. "నవ్వొస్తుంటే కదా ఆపుకోవడానికి" అందట. లూబా అక్కణ్ణుంచి ఆసుపత్రి ఉత్తరం పంపింది. రోగి పరిస్థితి విషమం, ఆయన అక్కగారు చూడటానికి రావాలి, వీసా త్వరగా ఇప్పించండి అని. అన్నీ పట్టుకుని ఒక సోమవారం నా పక్క సీట్లో కూర్చుంది. మా ఆవిడ పరుగున వచ్చి బండి వెనక చెంబుడు నీళ్ళు పోసింది, నీళ్ళలా సాఫీగా వెళ్ళి నీళ్ళలా తిరిగి రావాలని.

"ట్రాబ్జోన్‌కే కదే వెళ్తున్నది, అప్పుడే నీళ్ళెందుకు?" అన్నాను.

"నీకెందుకు? నువ్వు బండి తోలు" అంది మా ఆవిడ.

ట్రాబ్జోన్‌లో రష్యా వీసా కిటికీ వెనక సన్నగా, కళ్ళద్దాలు పెట్టుకున్న ఒక అమ్మాయి కూర్చుంది. మంచి పిల్లే, మా భాష చక్కగా మాట్లాడింది. పాస్‌పోర్టు చూసింది, ఉత్తరం చూసింది, మళ్ళీ పాస్‌పోర్టు చూసింది.

"పెద్దమ్మా, ఉత్తరంలో గులిజార్ అని ఉంది. రోగిగారి అక్క. ఆవిడేరీ?"

"నేనేనమ్మా."

"మీరు మక్బులే కదా?"

ఇక్కడ నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. ఇంట్లో పిలిచే పేరు ఒకటి, కాగితంలో పేరు ఒకటి అంటే ఆ పిల్ల అర్థం చేసుకునేదే. నేను వెనకనుంచి అత్త మోచేయి గిల్లుతూనే ఉన్నాను. కానీ చనిపోయినవాళ్ళ విషయంలో అబద్ధమాడితే పాపమని ఆమె నమ్మకం.

"మక్బులే పోయిందమ్మా. చాలా కాలమైంది" అంది.

ఆ పిల్ల చెయ్యి అక్కడే ఆగిపోయింది. "ఎవరు పోయారు?"

"మక్బులే. మా అక్క. ఈ పేరు దానిదే. దేవుడు దాన్ని చల్లగా చూడాలి."

"అంటే, ఈ పాస్‌పోర్టు చనిపోయినావిడదా?"

"పేరు దానిది. ఫోటో నాది" అంది అత్త.

నేను మధ్యలో దూరి ఏదో చెప్పబోయాను. వరుసలో వెనకున్న లారీ డ్రైవరు నవ్వాడు, వాణ్ణి ఒక చూపు చూశాను. ఆ అమ్మాయి నవ్వలేదు. లోపలికి వెళ్ళి పెద్దాయనతో మాట్లాడి వచ్చింది. కాగితాలన్నీ సర్ది ఎంతో మర్యాదగా తిరిగిచ్చింది. ఈమె ఫలానా అని ఊరి పెద్ద రాసివ్వాలి, కుటుంబం నమోదు పత్రం తేవాలి, ఆసుపత్రి ఉత్తరం మక్బులే పేరు మీద మళ్ళీ రావాలి అంది. ఆ పిల్లను నేనేమీ అనను. ఎదురుగా ఒక ముసలావిడ నిలబడి నేను చచ్చిపోయానంటే, ఎవరు మాత్రం ముద్ర వేస్తారు?

ఊరికి తిరుగుదారి పట్టాం. మలుపులో నేను హారన్ కొట్టకుండా నెమ్మదిగా తిప్పాను.

"ఏం తప్పు మాట్లాడాన్రా నేను?" అంది.

"తప్పేం లేదత్తా. నిజమే చెప్పావు."

"మరి నిజానికి వీసా ఇవ్వరా?"

నేను గేరు మార్చాను.

ఊరి పెద్ద ఆ సాయంత్రమే రాసిచ్చాడు. నమోదు కాగితం కూడా వచ్చింది. దాంట్లో గులిజార్ అనే మనిషి పుట్టనే లేదు. లూబాకు ఫోను చేసి పేరు మార్చి ఉత్తరం పంపమని చెప్పాం. ఆమె తన ధోరణిలో ఆఫీసులన్నిటినీ మా కొండ తిట్లు తిట్టి, సరే అంది. అప్పటికే ఇద్రిస్ మొహానికి ఆక్సిజన్ గొట్టం పెట్టారు. ఫోను చెవి దగ్గర పెడితే వినబడుతోందో లేదో కూడా తెలియడం లేదంది. కొత్త ఉత్తరం నాలుగైదు రోజుల్లో వచ్చింది.

వీసా అతికించారని కబురొచ్చిన రోజున వాన. కిటికీ దగ్గర అదే అమ్మాయి పాస్‌పోర్టు చేతికిచ్చి, "వెళ్ళిరండి పెద్దమ్మా, తమ్ముడు కోలుకోవాలి" అంది. అత్త ఆ పేజీ తెరిచి, రష్యా అక్షరాల మీద వేలు పెట్టి నన్ను అడిగింది.

"ఇందులో ఎవరి పేరుందిరా?"

"మక్బులే పేరే."

"ఎవరిదైతేనేం, తలుపు తీశారు" అంది. పాస్‌పోర్టు తలగుడ్డ కొసలో చుట్టి రొమ్ము దగ్గర దోపుకుంది. ఆ పూట ఆమె మొహంలో వెలుగు చూశాను. రేవు దగ్గర చేపల బజారు ముందు బండి ఆపించి, ఇద్రిస్‌కు ఉప్పుచేప తీసుకెళ్ళనిస్తారో లేదో కనుక్కోమంది. నేను కనుక్కుంటూ ఉండగానే అత్త ఫోను మోగింది. లూబా. ఈసారి తిట్లు లేవు. ఒక్క ఏడుపే.

అత్త ఏడవలేదు. ఫోను నా చేతికిచ్చి, "ఇక చేప వద్దులే" అంది.

వాణ్ణి అక్కడి నేలలోనే పెట్టారు. ఆ ఊరి మసీదువాళ్ళు స్నానం చేయించి, నమాజు చదివారట. పోయినవాడి పేరున అత్త ఇంట్లో మేం హల్వా కలిపాం. గరిటె ఆమె ఎవరికీ ఇవ్వలేదు. పిండి మాడిపోయేదాకా తిప్పుతూనే ఉంది. వీసాకు ఇంకా గడువుంది. నలభయ్యో రోజుకు ఆమె వెళ్ళింది. పోయినవాళ్ళకు నలభయ్యో రోజు చేయడం మాకూ ఉంది, లూబా వాళ్ళకూ ఉంది. మా ఆవిడ మళ్ళీ నీళ్ళు పోసింది. ఈసారి నేనేమీ అనలేదు.

తిరిగి వచ్చిన రోజు ట్రాబ్జోన్ విమానాశ్రయంనుంచి నేనే తీసుకొచ్చాను. బండిలో ఇంకా ముగ్గురు నలుగురు ఉన్నారు. అత్త ముందు సీట్లో కూర్చుని, దారంతా సముద్రం వైపు చూస్తూ, తనలో తను చెప్పుకున్నట్టు చెప్పింది.

"ఉత్తరం మార్చేటప్పుడు డాక్టరు వాణ్ణి అడిగాడట్రా. మీ అక్క పేరు మక్బులేనా, ఆవిడ వస్తోంది అని. మామూలుగా ఉంటే నవ్వేవాడే. నా పేరు సంగతి వాడికి తెలియదా? కానీ మందుల మత్తులో ఉన్నాడు. ఆ పేరు వినగానే కళ్ళు తెరిచాడట. లూబాను పిలిచి, చిన్నక్క వస్తోందట, అన్నాడట."

నేను బండి వేగం తగ్గించాను.

"రెండేళ్ళ పిల్ల, అంత దూరం ఒక్కతే ఎలా వస్తుంది, ఎవరైనా ఎదురెళ్ళండి అని ఒకటే గోలట. ఊరుకోడట. చివరికి కొడుకు బయటికి వెళ్ళి కాసేపు నిలబడి, తిరిగొచ్చి, వచ్చింది నాన్నా, వరండాలో నిద్రపోతోంది అన్నాడట. అప్పుడు శాంతించాడట. లేపొద్దు అన్నాడట. ఆ రోజునుంచి అక్క బయల్దేరిందా అని మళ్ళీ అడగలేదట."

అత్త తలగుడ్డ కొసతో ముక్కు తుడుచుకుంది.

"జన్మంతా దాని పేరు మీద నేను బతికాన్రా రిఫాత్. ఆఖరికి నా బదులు అది వెళ్ళింది."

నాకు కళ్ళు మసకబారాయి. ఆ కొండదారిలో కళ్ళు మసకబారితే బండి నడపడం కుదరదు. మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆపమంది, ఆపాను. నెమ్మదిగా దిగి హేజెల్‌నట్ పొదల కిందికి వెళ్ళింది. వానలకు గడ్డి మోకాలెత్తు పెరిగి రెండు రాళ్ళూ కనబడటం లేదు. ప్రయాణపు చెప్పులతోనే గొంతుక్కూర్చుని గడ్డి పీకడం మొదలుపెట్టింది. రాళ్ళు బయటపడేదాకా పీకింది. తర్వాత తలరాయి మీద చెయ్యి వేసి, పక్కన కూర్చున్న పిల్లతో మాట్లాడినట్టు మామూలు గొంతుతో అడిగింది.

"వాడి దగ్గరికి వెళ్ళావట కదే. నేను కూడా బయల్దేరానని వాడికి చెప్పావా?"

బండిలో ఎవరూ తొందరపెట్టలేదు. నేను ఇంజను ఆపేసి కూర్చున్నాను.