చింతపండుతో తోమిన ఇటలీ కత్తులు

మా బావ అమెరికాలో ఐసెలిన్ అనే ఊళ్లో గుండె డాక్టరు. ఇంటికెవరొచ్చినా కాఫీకన్నా ముందు రెండు పాత ఇటలీ కత్తులు తెచ్చి చూపించేవాడు. పిడి మీద బటన్ నొక్కితే చాలు, టక్కున తెరుచుకునేవి. "తేడా చెప్పు చూద్దాం" అనేవాడు. ఎనిమిదో క్లాసులోనే బడికి దండం పెట్టినవాణ్ణి, నాకేం తెలుస్తుంది? "ఒకటి మీ ఎడంచేతిలో ఉంది, రెండోది కుడిచేతిలో ఉంది బావా" అనేవాణ్ణి.

అసలు తేడా పిడి చివరి ఇత్తడిలో ఉంది. ఎక్కువ పాతదాని ఇత్తడి నల్లబడింది, రెండోదానిది ఇంకా పచ్చగానే ఉంది.

ఎనభైల్లో ఓ దసరాకి మా అక్క ఆయుధపూజ అంటూ ఆ రెంటినీ చింతపండుతో తోమి, బొట్లు పెట్టి దేవుడి ముందు ఉంచింది. రెండూ పెళ్లికొడుకుల్లా ఒకేలా మెరిశాయి. బావ ఫ్రెండొకడు ఆ మధ్యాహ్నమే రెండోదాన్ని కొనుక్కెళ్లడానికి వస్తున్నాడు. పొరపాటున ముసలిది ఇచ్చేస్తే అలాంటిది మళ్లీ దొరకదు.

బావ భూతద్దం పెట్టాడు, చేత్తో తూచాడు, లాభం లేకపోయింది. చివరికి స్టెతస్కోపు తెచ్చి ఒక్కోదాని పిడికి ఆనించి, బటన్ నొక్కి, కళ్లు మూసుకుని విన్నాడు.

"ఇదే మన ముసలాడు. స్ప్రింగ్‌కి ఆయాసం ఉంది."

అక్క మూతి తిప్పింది. "పెళ్లయి ఇన్నేళ్లయింది, నా గుండె ఒక్కసారైనా ఇంత శ్రద్ధగా విన్నారా?"

"నీకెందుకే! నువ్వు బటన్ నొక్కకుండానే తెరుచుకుంటావు."

ఫ్రెండు రెండోదాన్ని పట్టుకుని సంతోషంగా వెళ్లాడు. నేనూ బావా మాత్రం ఆ పండక్కి పులుపు లేని పులిహోర తిన్నాం. చింతపండంతా కత్తులకే అయిపోయిందట.